గోడకు ఆనని టబ్బు

నర్సమ్మ ఆ రోజు బాత్రూం సామాన్ల షోరూముకి వెళ్ళింది బకెట్ కొనడానికి. పాత బకెట్ పిడి ఊడిపోయింది. వెంట భర్త ఉన్నాడు. ఆయన డ్రైవింగ్ స్కూల్లో మాస్టారు. జీవితంలో మొదటిసారి స్టీరింగ్ పట్టుకున్న వాళ్ళ పక్కన కూర్చుని, గొంతు పెంచకుండా, "బ్రేకు... బ్రేకమ్మా... కుడి కాలు" అని చెప్పడం ఆయన ఉద్యోగం. ఎదురుగా లారీ వస్తున్నా అదే గొంతు. ఇంట్లోనూ అదే గొంతు.

బకెట్లు షోరూము వెనకెక్కడో ఉన్నాయి. అక్కడికి వెళ్ళాలంటే టబ్బులు దాటుకుని వెళ్ళాలి. వాటిలో ఒక తెల్లటి టబ్బు, ఏ గోడకూ ఆనకుండా, నడిమధ్యలో, పొడుగ్గా కోసిన కోడిగుడ్డు సగంలా కూర్చుని ఉంది. నర్సమ్మ దాని ముందు ఆగింది. చెప్పులు విప్పింది. చేతిసంచీ భర్తకిచ్చింది. లోపలికి దిగి పడుకుంది.

"ఒక్క నిమిషమండీ," అంది.

ఆమె పనిచేసేది ఎముకల వార్డులో. తొడలు విరిగిన వాళ్ళు, తుంటి మార్పించుకున్న వాళ్ళు, నిలువెల్లా కట్లలో ఉన్నవాళ్ళు. వాళ్ళని లేపాలి, పక్కకి తిప్పాలి, కూర్చోబెట్టాలి, మళ్ళీ పడుకోబెట్టాలి. ఏళ్ళ తరబడి అదే పని. కొన్నాళ్ళకి వాళ్ళు నడుచుకుంటూ ఇంటికి వెళ్తారు. ఆమె నడుం పట్టుకుని ఇంటికొస్తుంది. ఆ నడుం గురించి వార్డు డాక్టరు రెండు మాటలు చెప్పాడు: బరువులు ఎత్తకండి, వేడినీళ్ళలో నానండి. మొదటిది ఉద్యోగం ఉన్నంతవరకూ కుదరదు. రెండోదానికి ఇంట్లో ఉన్నది బకెట్.

నిమిషం దాటింది. తర్వాత సన్నగా గురక వినిపించింది.

సేల్స్‌మన్ వచ్చి తొంగిచూశాడు. "మేడంకి నచ్చినట్టుందండీ," అన్నాడు లోగొంతుకతో.

మాస్టారికి కూర్చోవడానికి వేరే చోటు కనబడలేదు. అమ్మకానికి పెట్టిన కమోడ్ మీద మూత దించి, చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. వచ్చేపోయేవాళ్ళు ఆయన్ని చూశారు. ఆయన కూడా వాళ్ళని చూశాడు. మధ్యమధ్యలో భార్య ముఖం చూశాడు. అది అంత నెమ్మదిగా ఉండి ఎన్నాళ్ళయిందో గుర్తు చేసుకోబోతే గుర్తు రాలేదు. ఆమె నిద్ర లేచేసరికి టబ్బు కొనేశాడు.

బకెట్ సంగతి ఇద్దరూ మర్చిపోయారు.

నర్సమ్మ తమ్ముడు ప్లంబరు. ఇంట్లో ప్లంబరు ఉండటం వల్ల ఒక లాభం ఉంది, ఎప్పుడు పిలిచినా వస్తాడు. ఒక నష్టమూ ఉంది, ఇంకెవర్నీ పిలవడానికి వీల్లేదు.

"ఎంత పనక్కా అది? పైపు కలపడం, కూర్చోబెట్టడం. పొద్దున మొదలెడితే మధ్యాహ్నానికి నువ్వందులో ఉంటావు."

"ఇలాంటిది ఇదివరకెప్పుడైనా బిగించావా?" అని అడిగాడు మాస్టారు.

"గోడకి ఆనించేవి బోలెడు బిగించాను బావా. ఇది ఇంకా తేలిక. దీనికి గోడ పనే లేదుగా!"

తర్వాత వచ్చిన చిక్కులన్నీ గోడ పని లేకపోవడం వల్లే వచ్చాయి.

టబ్బు తెచ్చిన వాళ్ళు దాన్ని అపార్టుమెంటు మెట్ల దగ్గర దించి, "గుమ్మం దాకే మా డ్యూటీ" అని, ఎవరి గుమ్మమో చెప్పకుండా వెళ్ళిపోయారు. నర్సమ్మ వాళ్ళ ఇల్లు రెండో అంతస్తు. టబ్బుని లిఫ్టులో నిలబెడితే తలుపు మూసుకోలేదు. వాలుగా పెడితే టబ్బే పట్టలేదు. రాతిపొడితో పోత పోసిన వస్తువు, నలుగురు పడితే గానీ కదలదు. ప్లంబరు వెళ్ళి మోతగాళ్ళను పిలుచుకొచ్చాడు. మాస్టారు మెట్ల మీద నిలబడి దారి చెప్పడం మొదలుపెట్టాడు.

"మెల్లగా... కొంచెం ఎడమకి... బాగుంది, ఇదే స్పీడు... తొందరేం లేదు... ఇప్పుడు మొత్తం కుడికి తిప్పండి."

"తిప్పడానికి దీనికి స్టీరింగ్ లేదు బావా!" అని టబ్బు కిందనుంచి తమ్ముడి గొంతు వినిపించింది.

మొదటి అంతస్తు మలుపులో టబ్బు ఇరుక్కుంది. ముందుకి రాదు, వెనక్కి పోదు. ఎక్కడా ఆనకూడదని తయారుచేసిన ఆ వస్తువు రెయిలింగుకి ఒక పక్క, గోడకి ఒక పక్క ఆని, మిగిలిన మేర ఒక ఇంటి గుమ్మానికి అడ్డంగా నిలిచింది.

ఆ గుమ్మం వార్తలమ్మది. ఆవిడ రేడియోలో వార్తలు చదివి చదివి రిటైరయిన మనిషి. ఒక్కతే ఉంటుంది. ఉద్యోగం ఆవిడని వదిలింది గానీ ఆవిడ గొంతు ఉద్యోగాన్ని వదల్లేదు. పాలవాడితో మాట్లాడినా ముఖ్యాంశాలు చదువుతున్నట్టే ఉంటుంది. నర్సమ్మకీ ఆవిడకీ మాటల్లేవు. ఎప్పుడో పైన కుర్చీలు ఈడుస్తున్నారని ఆవిడ వచ్చి చెబితే, నైట్ డ్యూటీ దిగి అప్పుడే కన్ను మూసిన నర్సమ్మ లేచొచ్చి, "ఇకనుంచి కుర్చీలు చంకనేసుకుని తిరుగుతాంలెండి" అంది. అంతే. అప్పటినుంచి మెట్ల మీద ఎదురుపడితే ఇద్దరూ తలలు ఊపుకుంటారు. అది పలకరింపో కాదో చూసేవాళ్ళకి తెలియదు.

తలుపు తెరుచుకుంది. గుమ్మం నిండా టబ్బు. దాని పైనుంచి వార్తలమ్మ కళ్ళద్దాలు కనిపించాయి.

"నేను బయటికి వెళ్ళవలసి ఉంది. మార్గం మూసుకుపోయింది. కారణం తెలియరాలేదు."

"టబ్బండీ," అన్నాడు మాస్టారు.

"ఏ టబ్బు?"

"స్నానం చేసే టబ్బు. మా ఆవిడ కోసం తెచ్చాం."

"మా ఇంటికెందుకు తెచ్చారు?"

"తేలేదండీ. దారిలో ఆగింది."

వార్తలమ్మ టబ్బుని ఈ చివరినుంచి ఆ చివరిదాకా చూసింది. చేత్తో ఒకసారి తట్టింది. తర్వాత పక్కకి తప్పుకుని, "లోపలికి తీసుకుని తిప్పండి," అంది.

ఇరుకు సందులో బండి వెనక్కి తీసి తిప్పడం మాస్టారు రోజూ నేర్పే విద్య. "ముందు రివర్స్... ఆవిడ సోఫా చూసుకోండి... చాలు, బ్రేకు... ఇప్పుడు ముందుకి." టబ్బు వెనకభాగం వార్తలమ్మ హాల్లోకి వెళ్ళి, టీవీ ముందు ఒక క్షణం ఆగి, మెట్ల వైపు తిరిగి బయటికొచ్చింది. ఆవిడ కూర ఏదో తెచ్చుకోవాలని సంచీ పట్టుకుని దాని వెనకే బయటికొచ్చి, తలుపు తాళం వేసుకుని, రెయిలింగు పట్టుకుని నెమ్మదిగా కిందికి దిగిపోయింది.

టబ్బు ఇల్లు చేరింది గానీ బాత్రూం చేరలేదు. బాత్రూం తలుపు చాలదు కాబట్టి ద్వారబంధంతో సహా ఊడదీశారు. అప్పుడు కొలిచి చూస్తే టబ్బు లోపల పడుతుంది, కానీ తలుపు మళ్ళీ పెడితే లోపలికి తెరుచుకోదు. అందుకని తలుపు బయటికి తెరుచుకునేలా మార్చాలి. వాష్ బేసిన్ ఉన్నచోట టబ్బు తల వస్తుంది, అందుకని బేసిన్ బాల్కనీలోకి వెళ్ళాలి.

"ఒక పక్క గోడకి ఆనిస్తే సరిపోతుంది కదరా," అంది నర్సమ్మ.

"గోడకి ఆనిస్తే ఇంకెందుకక్కా ఇది? చుట్టూ మనిషి తిరగాలి. దాని అందమే అది."

"నేను దాని చుట్టూ ఎందుకు తిరుగుతాన్రా?"

తమ్ముడు కొలత టేపు చుట్టేశాడు. బరువు సంగతి కూడా తేల్చుకుందామని, తనకి తెలిసిన ఇంజనీరుని పిలిచాడు. ఆయన వచ్చి దూలాలు చూశాడు, గోడలు తట్టాడు, కాగితం మీద లెక్కేశాడు. "నీళ్ళు నిండినా స్లాబు మోస్తుంది. మనిషి కూర్చున్నా మోస్తుంది," అని చెప్పి, గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు. "ఒక్క మనిషే."

మాస్టారు బూట్ల లేసులు సరిచేసుకోవడానికి వంగాడు. ఆయన తొడుక్కున్నది చెప్పులు.

ఈలోగా టబ్బు హాల్లోనే ఉంది. సోఫా గోడవారకి జరిగింది, టీవీ ఇంకో గదిలోకి వెళ్ళింది. నర్సమ్మ డ్యూటీ నుంచి వచ్చి, చీర కూడా మార్చుకోకుండా, తలగడ పట్టుకుని అందులోకి దిగేది. నీళ్ళు లేకపోయినా ఆమెకేం లోటు కనబడలేదు. మాస్టారు పక్కన పీట వేసుకుని కూర్చుని ఆ రోజు ఎవరు ఏ గుంతలో దించారో చెబితే, ఆమె లోపలినుంచి ఊఁ కొట్టేది. కొన్నాళ్ళు ఇలాగే ఉండిపోయినా బాగానే ఉంటుందని మాస్టారు అనుకున్నాడు గానీ బామ్మర్ది ముందు ఆ మాట అనలేకపోయాడు.

అసలు చిక్కు గొట్టం దగ్గర వచ్చింది. గోడకి ఆనించే టబ్బు నీళ్ళు గోడ వారన ఉన్న గొట్టంలోకి పోతాయి. ఇది గది మధ్యలో నిలబడేది. దీని గొట్టం తిన్నగా నేలలోకి దిగాలి. కంపు పైకి రాకుండా ఆ గొట్టానికి కింద ఒక వంపు ఉండాలి. ఆ వంపుకి నేలలో లోతు కావాలి.

"ఏ బిల్డింగులోనైనా బాత్రూం స్లాబు లోతుగా దించి, రాళ్ళూ రప్పలూ నింపి, పైన టైల్స్ వేస్తారు బావా. తవ్వుకుంటూ పోవడమే," అన్నాడు తమ్ముడు.

ఈ బిల్డింగు అలా కట్టలేదు. తవ్వితే గానీ ఆ సంగతి తెలియలేదు.

డ్రిల్లింగ్ మిషను చప్పుడు ఉన్నట్టుండి మారింది. తమ్ముడు మిషను పైకి లాగాడు. కన్నంలోంచి వెలుతురు వచ్చింది.

"బావా," అన్నాడు, "కింద లైటు వేసుంది."

ఇద్దరూ మోకాళ్ళ మీద కూర్చుని చూశారు. కింద ఒక నీలం మగ్గు కనిపించింది. తర్వాత కళ్ళద్దాలు కనిపించాయి.

"పైకప్పు నుంచి సిమెంటు పెళ్ళలు పడుతున్నాయి," అన్నాయి కళ్ళద్దాలు. "ప్రాణనష్టం లేదు. సబ్బుపెట్టె ధ్వంసమైంది."

"తప్పయిపోయిందమ్మా," అన్నాడు తమ్ముడు కన్నంలోకి.

"ఎవరు మీరు?"

"ప్లంబర్నండీ."

"ఇంకా కిందికి వచ్చే ఉద్దేశం ఉందా?"

"లేదండీ. ఇక్కడితో ఆపేస్తున్నాం."

మాస్టారు మోకాళ్ళ మీది సిమెంటు దులుపుకున్నాడు. తర్వాత అదే గొంతుతో, "ఇంజను ఆపేసి కిందికి దిగు," అన్నాడు. తమ్ముడు మిషను ప్లగ్గు తీసేశాడు.

నర్సమ్మ డ్యూటీ నుంచి వచ్చి కన్నం చూసింది, తమ్ముణ్ణి చూసింది. తిట్టలేదు. అందుకే వాడికి భయం వేసింది. చీర చెంగు నడుంలో దోపుకుని తిన్నగా మొదటి అంతస్తుకి దిగి తలుపు కొట్టింది. తలుపు తీయడానికి వార్తలమ్మకి చాలాసేపు పట్టింది. లోపల అడుగుల చప్పుడు వింటూనే నర్సమ్మకి అర్థమైంది: ఒక అడుగు పడుతోంది, ఒక అడుగు ఈడుస్తోంది.

"నా వల్లే అంతా," అంది నర్సమ్మ, కూర్చోమనకముందే. "కన్నం రేపే పూడ్పించేస్తాను. మీ పైకప్పు ఎలా ఉండేదో అలా చేయిస్తాను. టబ్బు వెనక్కి పంపించేస్తాం. నాకెందుకండీ టబ్బు? ఇన్నాళ్ళూ బకెట్‌తో గడవలేదా?"

చివరి మాట దగ్గర ఆమె ముఖం పక్కకి తిప్పుకుంది.

వార్తలమ్మ ఆమెనే చూస్తూ, "వెనక్కి పంపాలంటే మళ్ళీ మా హాల్లోంచే తిప్పాలి కదా," అంది.

నర్సమ్మ గుమ్మం వైపు చూసి, "అవునండీ," అంది.

"కూర్చోండి. ఆ గొట్టం మా పైకప్పు కింద నుంచి పోనిస్తే పని అవుతుందా?"

"అవుతుందిట. అది కనబడకుండా కింద ఒక కప్పు వేస్తాడట మావాడు. కానీ మిమ్మల్ని ఎలా అడుగుతాం?"

"అడగలేదు. నేనే చెప్తున్నాను. అయితే నాదొక షరతు ఉంది." ఆవిడ గొంతు సవరించుకుంది. "నా మోకాళ్ళు వంగడం లేదు. పీట మీద కూర్చుంటే లేవలేను. నిలబడి పోసుకుందామంటే తూలుతున్నాను. ఈ మధ్య స్నానానికి వెళ్ళేముందు ఫోను గుమ్మం దగ్గర పెట్టుకుని వెళ్తున్నాను, పడితే ఎవరికైనా చెయ్యొచ్చని. ఎవరికి చెయ్యాలో ఇంకా నిర్ణయించలేదు. ఆదివారం పొద్దున ఆ టబ్బు నాకివ్వాలి."

ఇదంతా ఆవిడ వాతావరణ సూచన చదివినట్టే చదివింది. నర్సమ్మ కుర్చీ ముందుకి జరుపుకుంది. జరుపుకుంటే చప్పుడైంది. ఇద్దరూ ఆ చప్పుడు పట్టించుకోలేదు.

"ఏ మోకాలు ఎక్కువ?"

"కుడిది. ఎడమది కూడా అదే బాటలో ఉంది."

"ఏదీ, చూడనివ్వండి."

ఆ రోజు నర్సమ్మ పైకి రావడానికి చాలాసేపు పట్టింది. వచ్చి తమ్ముడితో, "పని మొదలెట్టరా. కింద కప్పు నీటుగా ఉండాలి. ఆవిడకి కొత్త సబ్బుపెట్టె కొని పట్రా," అంది.

చివరికి టబ్బు బాత్రూంలోకి వెళ్ళి నిలబడింది. నిలబడింది అనడం పూర్తిగా నిజం కాదు. బాత్రూం నేల నీళ్ళు పోవడానికి వాలుగా ఉంటుంది కాబట్టి టబ్బు కూడా వాలింది. తమ్ముడు ఒక పక్క రబ్బరు ముక్కలు పెడితే రెండో పక్కకి వాలింది. నేల మట్టం చేస్తే నీళ్ళు గుమ్మం దాటి హాల్లోకొచ్చాయి. ఆఖరికి టబ్బు కాళ్ళ కింద మాత్రం చిన్న సిమెంటు దిమ్మెలు కట్టి, చుట్టూ వాలు అలాగే ఉంచాడు. మాస్టారు దాని అంచు మీద గ్లాసుతో నీళ్ళు పెట్టి, గ్లాసులో నీళ్ళు ఎటూ వాలకపోవడం చూసి, "పాస్," అన్నాడు. ఆ మాట ఆయన నోట తేలిగ్గా రాదు.

మొదటి స్నానం ఒక సెలవు రోజు సాయంత్రం. గీజరు నీళ్ళన్నీ వదిలితే టబ్బులో చీలమండల దాకా వచ్చాయి. ఆ వేడి కూడా సగం రాయి తాగేసింది. మాస్టారు వంటగదిలో రెండు పొయ్యిలూ వెలిగించి, ఇంట్లో ఉన్న గిన్నెలన్నిటితో నీళ్ళు కాచి మోశాడు. కుక్కరుతో సహా. మోకాళ్ళు మునిగాయి, నడుం మునిగింది, చివరికి భుజాలు మునిగాయి.

"ఎలా ఉంది?" అని తలుపు బయటినుంచి అడిగాడు.

జవాబు రాలేదు. భయపడి తలుపు తీశాడు. నర్సమ్మ కళ్ళు మూసుకుని ఉంది. "మాట్లాడించకండి," అంది.

ఆయన తలుపు మూసి హాల్లోకొచ్చి కూర్చున్నాడు. తమ్ముడు అక్కడే చేతులు నలుపుకుంటూ కూర్చుని ఉన్నాడు. ఇద్దరూ పరీక్ష ఫలితాల కోసం కూర్చున్నట్టు కూర్చున్నారు.

చాలాసేపటికి పిలుపు వచ్చింది. "ఏమండీ, సబ్బు నీళ్ళలో పడిపోయింది. పెట్టుకోడానికి చోటు లేదు." కాసేపాగి, "నేను లేవలేకపోతున్నాను. పట్టుకోడానికేం లేదు."

"గోడకి పిడి బిగిస్తానక్కా!" అని హాల్లోంచి అరిచాడు తమ్ముడు.

"గోడ ఎక్కడుందిరా నాకు అందేట్టు?"

మాస్టారు లోపలికి వెళ్ళాడు. ఆమె చెయ్యి పట్టుకుని లాగబోయాడు.

"చెయ్యి లాగకండి, భుజం పోతుంది," అంది నర్సమ్మ, వార్డులో కొత్తవాళ్ళకి చెప్పినట్టు. "వెనక్కి రండి. నా చంకల కింద నుంచి చేతులు పోనివ్వండి. మీ నడుం వంచకండి, మోకాళ్ళు వంచండి. నన్ను మీ ఛాతీకి ఆనించుకోండి. ఇప్పుడు ఇద్దరం ఒకేసారి."

"స్పీడు ఎంత?"

"మెల్లగా."

ఆయన లేపాడు. ఆమె లేచింది. టబ్బులో నిలబడి, తడి తల ఆయన చొక్కాకి ఆనించి, అలాగే ఉండిపోయింది. భుజాలు కదిలాయి.

"నొప్పా?" అన్నాడు మాస్టారు.

"కాదండీ." ముక్కు ఎగబీల్చింది. "నేనే కదా ఎప్పుడూ అందర్నీ లేపేది. లేపితే ఇలా ఉంటుందని తెలీదు."

ఆయన బ్రేకు మీద కాలు పెట్టినట్టు గట్టిగా నిలబడ్డాడు. చొక్కా పూర్తిగా తడిసింది.

తర్వాత ప్లగ్గు లాగితే నీళ్ళు గరగరమంటూ దిగాయి. కింద నుంచి పైకప్పు దాటి గొంతు వినిపించింది. "నీరు సాఫీగా ప్రవహిస్తోంది. లీకేజీ ఎక్కడా నమోదు కాలేదు."

హాల్లో తమ్ముడు రెండు చేతులతో ముఖం తుడుచుకున్నాడు.

మర్నాడే వాడు టబ్బు పక్కన నేలనుంచి పైకప్పు దాకా ఒక నిలువు కమ్మీ బిగించాడు, బస్సులో ఉండేలాంటిది. టబ్బు అందం చెడిందని షోరూము వాళ్ళు చూస్తే అనేవారేమో. ఆ కమ్మీకి తువ్వాలు కట్టి ఆరేసుకోవచ్చు కూడా. సబ్బు కోసం టబ్బుకి అడ్డంగా ఒక చెక్క పెట్టాడు. ఇంకా ఎక్కడైనా ఇలాంటి టబ్బు పని వస్తే ఒప్పుకుంటావా అని మాస్టారు అడిగితే, "ముందు కింద ఎవరుంటారో కనుక్కుంటాను బావా," అన్నాడు.

ఆదివారం పొద్దున వార్తలమ్మ తువ్వాలు, కొత్త సబ్బుపెట్టె, మార్చుకునే బట్టలు ఒక సంచీలో పెట్టుకుని వచ్చింది. మాస్టారు అప్పటికే గిన్నెలు పొయ్యి మీద పెట్టాడు. నర్సమ్మ ఆవిడని లోపలికి తీసుకెళ్ళి తలుపు వేసింది. "కుడికాలు తర్వాత. ముందు ఎడమకాలు. కమ్మీ పట్టుకోండి. నేనున్నాను," అని వినిపించింది. తర్వాత నీళ్ళ చప్పుడు. తర్వాత, ఇంతవరకూ ఎవరూ వినని గొంతొకటి, వార్తల్లో రానిది, "అబ్బా!" అంది.

మాస్టారు గిన్నెలన్నీ తలుపు దాకా మోసి, కాఫీ తాగి, పేపరు చదివాడు. ఆ తర్వాత ఆయనకి అర్జెంటుగా బాత్రూం అవసరం పడింది. ఇంట్లో ఉన్నది ఒకటే. తలుపు దగ్గరికి వెళ్ళి దగ్గాడు.

"ఇంకా టైం పడుతుందండీ," అంది నర్సమ్మ లోపలినుంచి.

"మా ఇంటి తాళంచెవి సంచీలో ఉంది," అంది వార్తలమ్మ. "వాడుకోవచ్చు."

మాస్టారు తాళంచెవి తీసుకుని కిందికి దిగాడు. వార్తలమ్మ బాత్రూం నీటుగా ఉంది. బామ్మర్ది వేసిన తెల్లటి కప్పు ఒక మూల కొంచెం వంకరగా ఉంది, అది ఎవరికీ చెప్పకూడదనుకున్నాడు. మూత ఎత్తి కూర్చున్నాడు. పైనుంచి గొట్టం వెంబడి ఇద్దరు ఆడవాళ్ళ నవ్వు దిగివస్తోంది. ఏం చెప్పుకుని నవ్వుతున్నారో మాటలు తెలియడం లేదు. మధ్యలో "కుర్చీలు" అన్నట్టు వినిపించింది, ఆ వెంటనే ఇంకా పెద్దగా నవ్వారు.

ఆయనకి తొందరేం లేదు. నీళ్ళు ఎప్పుడు వదులుతారో అని, పైకప్పు వైపు చూస్తూ కూర్చున్నాడు.